చిత్తయ్యాక మొదలయ్యే పోరు

1993 నవంబర్ 12. అమెరికాలోని డెన్వర్ నగరం. ఎనిమిది వైపులా కంచె కట్టిన గోదాలోకి ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సర్ దిగాడు. ఒక చేతికి మాత్రమే గ్లవ్ తొడుక్కున్నాడు. ఎదురుగా బ్రెజిల్ నుంచి వచ్చిన రాయిస్ గ్రేసీ. రెండున్నర నిమిషాలైనా గడవకముందే గ్రేసీ అతణ్ని పడేసి ఛాతీ మీదికెక్కాడు. గొంతు నులమలేదు, చెయ్యి విరవలేదు. ఆ బరువు కింద ఎటూ కదలలేక జిమ్మర్సన్ చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్) మొట్టమొదటి పోటీలు జరిగింది ఆ రాత్రే. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అని ఇవాళ ప్రపంచమంతా పిలుస్తున్న క్రీడకు గట్టి పునాది పడింది అప్పుడే.

ఈ క్రీడ మీద వచ్చిన వీడియో గేమ్ ఆడుతున్నప్పుడల్లా నాకు ఆ దృశ్యం గుర్తొస్తుంది. గుద్దును తెర మీద చూపించవచ్చు. తన్నును చూపించవచ్చు. కానీ బరువును ఎలా చూపిస్తారు? రెండు బొటనవేళ్లతో ఆడే ఆటలోకి ఒక మనిషి ఒంటి బరువు ఎలా వస్తుంది? ఆట గొప్పదనమూ లోపమూ రెండూ ఈ ప్రశ్న దగ్గరే తేలతాయి.

మన కుస్తీలో వెన్ను నేలకు ఆనితే చిత్తు. అక్కడితో పోటీ ముగిసినట్టే. గోదాలో పుట్టిన ఆ మాట ఎన్నికల దాకా, క్రికెట్ దాకా పాకింది. ఘోరంగా ఓడినవాణ్ని ఇప్పటికీ చిత్తుచిత్తయ్యాడనే అంటాం. కిందపడ్డా పైచేయి తనదే అనేవాణ్ని చూసి నవ్వుతాం. ఆ సామెతను అక్షరాలా నిజం చేసింది మాత్రం బ్రెజిలియన్ జుజుట్సు. జపాన్‌లో జిగోరో కానో 1882లో కోడోకాన్ జూడో పాఠశాల స్థాపించాడు. అక్కడ తయారైన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన పట్టుకెళ్లిన విద్యను గ్రేసీ కుటుంబం అందుకుని, నేల మీది పోరును ఏళ్ల తరబడి సానబట్టింది. వెల్లకిలా పడినవాడు తన కాళ్లతో పైవాడి నడుమును బంధిస్తాడు. దాన్ని గార్డ్ అంటారు. అక్కడి నుంచే మోచేతి కీలును విరిచే పట్టు వేయవచ్చు, కాళ్లను త్రికోణంలా మెడకు బిగించవచ్చు. వెన్ను నేలకు తగిలాక అసలు పోరు మొదలవుతుందన్నమాట. రాయిస్ ఆ విద్యతోనే ఆ ఒక్క రాత్రి ముగ్గురిని వరసగా ఓడించాడు.

నేల మీది పోరు మెట్లెక్కడం లాంటిది. గార్డ్ దాటితే పైవాడి ఒక్క కాలే చిక్కుకుని ఉండే హాఫ్ గార్డ్, అక్కడి నుంచి పక్కగా వాలి అదిమే సైడ్ కంట్రోల్, ఆపైన ఛాతీ మీద కూర్చునే మౌంట్, వీలు చిక్కితే వీపు మీది పట్టు. పైవాడు ఒక్కో మెట్టూ ఎక్కాలి, కిందివాడు ఒక్కో మెట్టూ దించాలి. చూసేవారికి ఇద్దరూ కదలకుండా పడున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అరచేయి వెడల్పు జాగా కోసం అక్కడ పెద్ద పెనుగులాటే జరుగుతుంటుంది.

ఈ పోరును ఆటగా మలిచే ప్రయత్నం పాతదే. 2000లో డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ మీద యూఎఫ్‌సీ గేమ్ వచ్చింది. 2009లో జపాన్ సంస్థ యూక్స్ తయారుచేయగా టీహెచ్‌క్యూ విడుదల చేసిన 'అన్‌డిస్ప్యూటెడ్' కొత్త తరానికి ఈ క్రీడను పరిచయం చేసింది. 2012లో వచ్చిన దాని మూడో భాగాన్ని ఇప్పటికీ ప్రేమగా తలుచుకునేవారున్నారు. ఆ ఏడాదే హక్కులు ఈఏ స్పోర్ట్స్ చేతికి వెళ్లాయి. 2014 నుంచి 2023 దాకా ఆ సంస్థ ఐదు ఆటలు తెచ్చింది. వాటిలో 2020 ఆగస్టులో వచ్చిన 'యూఎఫ్‌సీ 4'ను ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఈ ఆటల బలమూ బలహీనతా రెండూ అందులో తేటగా కనిపిస్తాయి.

ముందు బలం. కంట్రోలర్ మీది నాలుగు బటన్లు నాలుగు అవయవాలు. రెండు చేతులకు రెండు, రెండు కాళ్లకు రెండు. సూత్రం ఇంతే. చేతిలోంచి నిప్పులు రావు, మంత్రాలుండవు. అందుకే ఆడేవాడు మొదటి రోజు నుంచే బటన్ల గురించి కాక ఒంటి గురించి ఆలోచిస్తాడు. ఎడమ చెయ్యి ముందుకు సాచి దూరం కొలవాలి, ఆ వెనకే కుడి చెయ్యి వదలాలి, ప్రత్యర్థి తల కాపాడుకుంటుంటే కాలి మీద తన్నాలి. కాలు దెబ్బతింటే అతని నడక మందగిస్తుంది. పొట్టలో గుద్దితే ఊపిరి తగ్గుతుంది. తలకూ పొట్టకూ కాళ్లకూ దెబ్బల లెక్క వేరువేరుగా నడుస్తుంది.

ఈ ఆటకు ప్రాణం మాత్రం దమ్ము లెక్క. కొట్టే ప్రతి దెబ్బకూ కొంత దమ్ము ఖర్చవుతుంది. గురి తప్పి గాలిలోకి పోయిన దెబ్బకు మరింత ఎక్కువ. కాసేపు ఆగితే కొంత తిరిగొస్తుంది గానీ, రౌండ్లు గడిచేకొద్దీ నిండే కుండే చిన్నదైపోతుంది. కొత్తగా ఆడేవాడు మొదటి రౌండ్లో వీరావేశంతో విరుచుకుపడతాడు. రెండో రౌండ్ సగానికి చేతులు లేవవు. ఎదుటివాడు తాపీగా వచ్చి కొడుతుంటే చూస్తూ నిలబడతాడు. ఏ వస్తాదైనా శిష్యుడికి చెప్పే తొలి పాఠం ఇదే కదా. ఎప్పుడు కొట్టాలో కన్నా ఎప్పుడు కొట్టకూడదో తెలియడం ముఖ్యం. ఆ పాఠాన్ని ఉపన్యాసం లేకుండా, ఓటమితో నేర్పడం ఈ ఆట సాధించిన పెద్ద విజయం.

కెరీర్ భాగంలోనూ ఇదే నిజాయితీ ఉంది. ఏ దెబ్బను ఎక్కువగా వాడితే ఆ దెబ్బే పదునెక్కుతుంది. ఇతర ఫైటర్లను జిమ్‌కు పిలిచి వాళ్ల దగ్గర కొత్త పట్లు నేర్చుకోవచ్చు. శిక్షణ శ్రుతి మించితే గాయాలవుతాయి. సాధన, సావాసం, సంయమనం మూడూ కలిస్తేనే ఫైటర్ తయారవుతాడని ఆట చెప్పకనే చెబుతుంది.

ఇక బలహీనత. అది నేల మీద ఉంది. ఇద్దరూ కింద పడగానే ఆట ఊహల పందెంగా మారిపోతుంది. పైవాడు ఒక దిక్కుకు స్టిక్ తోస్తాడు. కిందివాడు ఆ దిక్కును పసిగట్టి అడ్డుకోవాలి. పట్టుకుంటే ఆగుతుంది, లేకపోతే మెట్టు మారుతుంది. నిజమైన గోదాలో గార్డ్‌కూ హాఫ్ గార్డ్‌కూ నడుమ ఎన్నో మజిలీలు. మోకాలు సగమే దూరుతుంది. మోచెయ్యి ఇరుక్కుంటుంది. తల గడ్డం కింద మేకులా దిగుతుంది. ఆటలో ఆ మధ్య దారి లేదు. ఒంట్లు ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు దూకుతాయి.

ఓటమి ఒప్పించే సబ్మిషన్ పట్టుల దగ్గర ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పట్టు మొదలవగానే తెర మీద రెండు గీతలు ప్రత్యక్షమవుతాయి. ఒకటి పరుగెత్తాలి, రెండోది దాన్ని కప్పెయ్యాలి. అక్కడి నుంచి ఆడేవాడి కళ్లు గీతల మీదే, చెయ్యి మీద కాదు, మెడ మీద కాదు. వెనక నుంచి మెడకు వేసే పట్టునే తీసుకోండి. అది బిగిస్తే మెడకు రెండు వైపులా నెత్తురు ఆగి, పది సెకన్ల లోపే స్పృహ తప్పవచ్చు. ఆ బిగింపు చివరి ఘట్టం మాత్రమే. అసలు కథ అంతకు ముందే నడుస్తుంది. మణికట్టు దొరకబుచ్చుకోవాలి, గడ్డం కిందికి ముంజేయి దూర్చాలి, కాళ్లతో నడుము బంధించాలి. కథంతా వదిలేసి ముగింపును గీతల పందెంగా మార్చడం ఆ విద్యకు అన్యాయమే. 2023లో వచ్చిన 'యూఎఫ్‌సీ 5' ఆ గీతలను తీసేసి, పట్లను భంగిమల మార్పులోనే కలిపింది. సరైన దిశలో పడిన అడుగది. అయినా బరువు ప్రశ్న అలాగే ఉంది.

దాగెస్తాన్ యోధుడు ఖబీబ్ నుర్మగొమెదోవ్ ఒక్క ఓటమీ లేకుండా 29 గెలుపులతో 2020లో విరమించాడు. ప్రత్యర్థిని కంచెకు నొక్కి, కాళ్లు తన కాళ్లతో చుట్టేసి, మణికట్టు వీపు వెనక బంధించి, నిమిషాల కొద్దీ తన బరువును మోయించేవాడు. కిందివాడి దమ్ము దెబ్బల కన్నా ముందు ఆ మోతకే హరించుకుపోయేది. ఖబీబ్ 'యూఎఫ్‌సీ 4'లో ఉన్నాడు. ముఖం అతనిదే, అంకెలు అతనివే, ఆ అదుమే లేదు.

గోదా బయట కూడా లోపాలున్నాయి. డబ్బిచ్చి కొన్న ఆటలో పోటీ నడుమ ప్రకటనలు చొప్పించడంతో 2020 సెప్టెంబర్‌లో ఆటగాళ్లు తిరగబడ్డారు, సంస్థ వాటిని తీసేసింది. ఆ ఐదు ఆటల్లో ఒక్కదానికీ కంప్యూటర్ వెర్షన్ రాలేదు. ఖరీదైన కన్సోల్ కొనలేని మన ఊళ్ల కుర్రాళ్లకు ఈ తలుపు చాలావరకు మూసే ఉంది.

అది తెరుచుకోవాలని మనసారా కోరుకుంటాను. 2022లో పూరి జగన్నాథ్ 'లైగర్'తో ఈ క్రీడ తెలుగు తెర మీదికొచ్చింది. 2024 జూన్‌లో అమెరికాలోని లూయివిల్‌లో పూజా తోమర్ గెలిచి, యూఎఫ్‌సీలో నెగ్గిన తొలి భారతీయురాలయింది. ఇక మన పిల్లలు ఈ పోటీలు చూస్తారు. దెబ్బలు చూసి కేకలేస్తారు, ఇద్దరూ నేల మీద పడగానే ఫోన్ తీస్తారు. ఆట చేయగల మేలు సరిగ్గా అక్కడుంది. ఎన్ని లోపాలున్నా, ఆ మెట్ల పేర్లూ వరసా అది నేర్పుతుంది. హాఫ్ గార్డ్ నుంచి కాలు ఊడదీయడం ఎందుకు అంత గొప్పో, మౌంట్ అంటే ఎందుకంత భయమో చేతివేళ్లకు తెలిసొస్తుంది. అప్పుడు కదలకుండా పడున్న ఇద్దరు మనుషుల్లో కూడా కథ కనిపిస్తుంది.

జిమ్మర్సన్ ఓడిన ఆ పోటీ వీడియోను ఈ ఆట తెలియని రోజుల్లో చూసి, ఏమీ జరగకుండానే లొంగిపోయాడేమిటి అనుకున్నాను. గ్రేసీ ఎక్కింది ఆఖరి మెట్టు దరిదాపులకని, కిందివాడికి ఇక దారుల్లేవని ఆట ఆడాక అర్థమైంది. కానీ అతను ఎందుకు తట్టాడో ఏ కంట్రోలరూ చెప్పలేదు. అది తెలియాలంటే మ్యాట్ మీద వెల్లకిలా పడుకోవాలి, విద్య తెలిసినవాడొకడు మన ఛాతీ మీద కూర్చోవాలి, మనం ఒక్క ఊపిరి పీల్చుకోవడానికి ప్రయత్నించాలి.