అనువాదం కాని హెచ్చరిక: ‘ది రూయిన్స్’ నవలలో భయానక రసం

విదేశయాత్రకు వెళ్లిన యువతీయువకులు ప్రాణాపాయంలో చిక్కుకొనే ఇతివృత్తం ఈ శతాబ్దపు తొలి దశకంలో ఆంగ్ల నవలలోను, సినిమాలోను విశేష ప్రచారం పొందింది. గ్రెగ్ మెక్‌లీన్ ‘వుల్ఫ్ క్రీక్’ (2005), ఎలై రాత్ ‘హాస్టల్’ (2005), జాన్ స్టాక్‌వెల్ ‘తురిస్తాస్’ (2006) ఈ కోవలోనివి. ఇటువంటి కథలు పరదేశీయులను రాక్షసులుగా చిత్రిస్తాయన్న ఆక్షేపణ ఉంది. ‘హాస్టల్’ విషయంలో అది న్యాయమైనదే. స్కాట్ స్మిత్ 2006లో వెలువరించిన ‘ది రూయిన్స్’ నవలను మాత్రం అదే గాటన కట్టడం పొరపాటని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

భయానకానికి భయం, బీభత్సానికి జుగుప్స స్థాయీభావాలని భరతుని విభజన. ‘హాస్టల్’ భయానకంగా మొదలై త్వరలోనే బీభత్సంలోకి జారిపోతుంది. డబ్బు చెల్లించి మనుషులను హింసించే రహస్య సంఘమొకటి స్లొవాకియాలో ఉన్నదని దాని కల్పన. అక్కడ బందీల వెల జాతీయతను బట్టి నిర్ణయమవుతుంది, అమెరికన్లది అన్నిటికన్న ఎక్కువ. యాత్రికునికి రక్షణ కావలసిన పౌరసత్వమే ధరల పట్టీగా మారడం బలమైన ఊహ. అంతకన్న చెప్పుకోదగినది మరొక ఘట్టం. బందీగా ఉన్న పాక్స్‌టన్ తనను హింసించవచ్చిన జర్మన్‌ను జర్మన్ భాషలోనే వేడుకొంటాడు. సొంత భాష చెవినపడగానే ఆ వ్యక్తి కలవరపడి, బందీ నోరు కట్టించివేస్తాడు. భాష అర్థమైతే హింస కష్టమవుతుందన్న ఈ గ్రహింపును సినిమా మరుక్షణమే వదిలి రంపం పట్టుకొంటుంది. వదిలిన చోటు నుంచి ‘ది రూయిన్స్’ మొదలవుతుందనవచ్చు.

మెక్సికోలో సెలవులు గడుపుతున్న నలుగురు అమెరికన్లు జెఫ్, ఏమీ, ఎరిక్, స్టేసీ. తమ్ముణ్ణి వెదుకుతున్న మథియాస్ అనే జర్మన్‌తోను, ఒక గ్రీకు యువకునితోను కలిసి వారు అడవిలోని తవ్వకాల స్థలానికి బయలుదేరతారు. ఆ గ్రీకు యువకుడు సరదాకు పాబ్లో అన్న పేరు పెట్టుకొన్నాడు. అతని భాష వీరికి రాదు, వీరి భాష అతనికి రాదు. తరువాత అతడు వెన్నువిరిగి పడి ఉన్నప్పుడు అతని అరుపులన్నీ తోటివారికి కేవలం ధ్వనులే. కొండ దగ్గర ఒక మాయా గ్రామీణుడు తుపాకి చూపి వెనక్కి పొమ్మంటాడు. ఏమీ ఫోటో తీయబోయి, అడుగులు వెనక్కి వేస్తూ తీగల్లో కాలు పెడుతుంది. అంతే, అంతవరకు పొమ్మన్నవారే ఇక కదలనివ్వరు. కొండ చుట్టూ కాపలా కాస్తారు. ఆ తీగ మనుషులను తినేది. అది కొండ దాటి పాకకుండా గ్రామస్థులు నేలను చవుడు చేసి ఉంచారు. అది తమ ఊరిని కాపాడుకొనే కట్టడి.

కనుక ఇక్కడ ఆలంబన విభావం ఏదన్నది చర్చనీయం. తీగ అని చెప్పడం సులభం. నా దృష్టిలో వినలేకపోవడమే అసలు ఆలంబనం. ఇది భాష రానందువల్ల మాత్రమే కాదు. ఆ చోటు మంచిది కాదని వారిని దింపిన బండి డ్రైవరు వచ్చీరాని ఇంగ్లీషులో ఏమీకి చెప్పనే చెబుతాడు. ఆమె విన్నది, కాని ఆ మాట పట్టుకొని ప్రయాణం ఆపించలేదు. తరువాతి కల్పన మరింత క్రూరమైనది: తీగ మాటలు నేర్చుకొంటుంది. యాత్రికుల గొంతులను అనుకరిస్తుంది, లోపల ఫోన్ మోగుతున్నట్లు భ్రమింపజేస్తుంది. గ్రామస్థుల భాషను యాత్రికులు నేర్వలేదు, యాత్రికుల భాషను మొక్క నేర్చింది. ఆ అనుకరణ వల్లనే స్నేహితులు ఒకరినొకరు అనుమానిస్తారు. ఈ నవలలో సంచారీభావాలైన శంక, త్రాసం పుట్టేది తరచు రక్తపాతం నుంచి కాక ఈ మాటల నుంచే.

నవలకు లోపం లేదనలేము. గ్రామస్థులలో ఒక్కరికీ పేరు లేదు, ఒక్కరి మనసూ మనకు తెరుచుకోదు. కథ యావత్తూ యాత్రికుల దృష్టికోణంలో నడవడమే దీనికి కారణం. తన మాట లోకానికి అనువాదం కాకపోవడమంటే ఏమిటో ఎరిగిన తెలుగు పాఠకునికి ఆ మౌనం కొంచెం ఎక్కువగానే గుచ్చుకొంటుంది. స్మిత్ స్వయంగా స్క్రీన్‌ప్లే రాయగా కార్టర్ స్మిత్ తీసిన సినిమా (2008) ఒక్కచోట ఈ లోటును పూరించింది. ఏమీ విసిరిన తీగ తునక తగిలినందుకు గ్రామస్థులు తమ పిల్లవాణ్ణే చంపుకొంటారు. ఆ కట్టడికి వారు చెల్లిస్తున్న మూల్యం అక్కడ కనిపిస్తుంది.

అయితే అదే సినిమా థియేటర్లకు వచ్చిన రూపంలో ఏమీని తప్పించి పంపివేసింది. గ్రామస్థుల కట్టడికే అర్థం లేకుండా పోయింది. నవలలో ఎవరూ మిగలరు. చివరిగా మిగిలిన స్టేసీ, తన శవమైనా తరువాత వచ్చేవారికి హెచ్చరికగా ఉంటుందని దారి పక్కన కూర్చొని ప్రాణం తీసుకొంటుంది. తీగ ఆ దేహాన్ని కూడా ఈడ్చుకుపోతుంది. ఆ తరువాత పాబ్లో మిత్రులు అతణ్ణి వెదుక్కొంటూ అదే కొండకు వస్తారు.