గంగమ్మ చాటింపు, 1918 నాటి జ్వరము: ఒక విమర్శ

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ముందు ఊరిలో చాటింపు వేయుదురు. చాటింపు పడిన పిమ్మట జాతర ముగియువరకు ఊరివారు పొలిమేర దాటరాదు; పొరుగూరివారు రాత్రి ఊరిలో నిలువరాదు. 2020లో కోవిడ్ వచ్చినప్పటినుండి ఈ ఆచారమును గూర్చి ఒక మాట వినవచ్చుచున్నది: క్వారంటైను మన పెద్దలకు ఏనాడో తెలియునట, చాటింపు అదియేనట. వినుటకు ఇంపుగానే ఉన్నది. కాని తరగతిలో శాస్త్రము చెప్పువారు ఈ మాటను ఒక పరీక్షకు పెట్టవలెను. ఆ పరీక్ష 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా.

ఆ సంవత్సరము జూన్ నెలలో ఆ వ్యాధి బొంబాయి రేవున కనిపించెను. మొదటి విడత తేలికగనే పోయెను. సెప్టెంబరులో మొదలైన రెండవ విడత మాత్రము ప్రాణాంతకమై, రైలు వెంట దేశమంతట వ్యాపించెను. బొంబాయి నుండి మద్రాసు పోవు మార్గము రేణిగుంట మీదుగనే పోవును. చిత్తూరును కాట్పాడితో కలుపు మార్గమును అప్పటికే కలదు. పొలిమేర చాటింపు కాలినడకవానిని, బండివానిని ఆపవచ్చును గాని రైలును ఆపునా?

వ్యాధి స్వభావమును కూడ చూడుడు. మశూచి సోకిన పది పన్నెండు దినములకు జ్వరము వచ్చును, పిదప ఒంటినిండ పొక్కులు లేచును. "అమ్మవారు పోసినది" అని గుమ్మమునకు వేపమండలు కట్టినచో ఆ ఇంట రోగి ఉన్నట్లు బాటసారికి సైతము తెలియును. ఇన్‌ఫ్లుయెంజా ఒకటి నుండి నాలుగు దినములలోనే బయటపడును. దగ్గు మొదలు కాకమునుపే రోగి ఇతరులకు అంటింపగలడు. పడిశము పట్టినవాని గుమ్మమునకు వేపమండ ఎవరు కట్టుదురు?

కాలమును కుదరలేదు. జాతర మే నెల ఎండలలో జరుగును. మశూచి విజృంభించునదియు ఆ ఎండకాలమందే. 1918 నాటి జ్వరము ఆశ్వయుజ, కార్తీకములలో ప్రాణములు తీసెను.

ఇంతకంటె పెద్ద ఆక్షేపణ మరియొకటి. క్వారంటైను అనగా వ్యాధి సోకియుండవచ్చునను వారిని గడువు తీరువరకు వేరుగా ఉంచుట. జాతరలో జరుగునది ఇందుకు విరుద్ధము. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషములతో జనము వీధులన్నియు తిరిగి, గుడివద్ద కిక్కిరిసి నిలుతురు. ఊపిరితో వ్యాపించు వ్యాధికి ఇంతకంటె అనుకూలమేమి కావలెను? జాతరను తప్పుపట్టుటకు ఈ మాట అనుట లేదు. అది భయమును ఊరంతయు కలసి మోయు పద్ధతి; దాని విలువ దానికున్నది. దానికి లేని వైద్యశాస్త్రమును అంటగట్టుటయే తప్పు.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దక్షిణదేశపు గ్రామదేవతలపై 1916లో ఒక గ్రంథము ప్రకటించెను. వాంతిభేదిని, మశూచిని ఊరేగింపుగా పొలిమేరవరకు సాగనంపు తంతులు అందు వర్ణింపబడినవి. పొలిమేర ఆవల ఉన్నది పొరుగూరే గదా! ఈ ఆచారములను ఆయన చిన్నచూపు చూచెను. అది గ్రంథములోని లోపము. కాని తాను చూచినదానిని ఓపికతో వ్రాసిపెట్టెను. నేటి వ్యాఖ్యాతలకు ప్రేమ ఉన్నది, ఆ ఓపిక కానరాదు.

ఇక సర్కారు కాగితములు. వీనిని కూడ గ్రుడ్డిగా నమ్మరాదు. గ్రామములలో మరణములను వ్రాయువారు గ్రామాధికారులు; వైద్యులు కారు. వాంతిభేదికి, మశూచికి రిజిస్టరులో వేరు గడులు ఉండెను. మలేరియా, టైఫాయిడు, ఇన్‌ఫ్లుయెంజా మాత్రము చాలవరకు "జ్వరములు" అను ఒక్క గడిలో కలిసిపోయెను. విచిత్రమేమనగా, అమ్మవారున్న వ్యాధులకే గడియు ఉన్నది. ఇన్‌ఫ్లుయెంజాకు ఊరిలో దేవతయు లేదు, రిజిస్టరులో చోటును లేదు. దాని వైరసును మనుష్యులలో కనుగొన్నదే 1933లో.

అందుచేత లెక్క మరియొక విధముగా వేయవలసి వచ్చెను. ఒక ఫిర్కాలో కార్తీకమాసమున జ్వరమరణములు ఏటేట సగటున 4 అనుకొందము. ఆ యేడు 31 వ్రాసినచో, అదనముగా ఉన్న 27 ఇన్‌ఫ్లుయెంజా ఖాతాలో పడును. ఆ యేడు వానలు తప్పి తిండి కరవైనది గనుక, ఆ 27లో ఆకలి పాలెంతయో గడి చెప్పదు. వ్రాయకుండ పోయిన చావులు అసలే చేరవు. దేశము మొత్తమునకు 1919 నాటి తొలి అంచనా సుమారు 60 లక్షలు. కింగ్స్‌లీ డేవిస్ 1951లో దానిని దాదాపు 2 కోట్లకు పెంచెను. 2012లో వెలువడిన ఒక పరిశోధన సుమారు 1 కోటి 40 లక్షలకు దించెను. విద్యార్థులచేత ఒక్క సంఖ్యను వల్లె వేయించుటకంటె, ఈ మూడును నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి, తేడా ఎచ్చటనుండి వచ్చినదో అడుగుట మేలు.

తిరుపతిలో నిజముగా మనుష్యులను వేరుచేసిన ఉదాహరణము కావలెనన్నచో 2020నే చూడవచ్చును. మార్చి 20 నుండి తిరుమలలో భక్తుల దర్శనము నిలిపివేసిరి. కైంకర్యములు ఏకాంతముగా సాగెను. జూన్ 8న ప్రయోగాత్మకముగా దర్శనము మొదలుపెట్టి, 11 నుండి సామాన్య భక్తులను పరిమిత సంఖ్యలో, ఎడమెడముగా అనుమతించిరి. కొండక్రింద యాత్రికుల వసతిగృహములు కొన్ని కోవిడ్ కేంద్రములైనవి. ఈ నాటి రిజిస్టరులో వ్యాధికి పేరుతో గడి ఉన్నది.