హిట్లరు: తెలుగులో ఒక మాట, దాని వెనుక జర్మనీ

పరాయి దేశపు చరిత్ర మనకు పుస్తకాల కంటే ముందు మాటల్లో అందుతుంది. జర్మనీ విషయంలో తెలుగువారికి అట్లా అందినవి ముఖ్యంగా రెండు. ఒకటి 'జర్మను పండితుడు'. ఋగ్వేదాన్ని అచ్చువేసిన మాక్స్ ముల్లర్‌ను మనవాళ్లు మోక్షమూలరు అని గౌరవంగా పిలుచుకున్నారు. కర్ణాటకలో చదువుకునే మన విద్యార్థులకు 1894 నాటి కన్నడ నిఘంటువు ద్వారా కిట్టెల్ పేరు కూడా పరిచితమే. రెండవ మాట 'హిట్లరు'. కఠినంగా ఉండే తండ్రి హిట్లరు, బెత్తం పట్టిన హెడ్మాస్టరు హిట్లరు, హాస్టలు వార్డెను హిట్లరు. ఇక్కడ మేము పరిశీలించదలచింది ఈ రెండవ మాటను.

1997లో చిరంజీవి కథానాయకుడుగా, ముత్యాల సుబ్బయ్య దర్శకత్వంలో 'హిట్లర్' అనే చిత్రం వచ్చింది. 1996 నాటి మలయాళ చిత్రానికి అది తెలుగు రూపం. అయిదుగురు చెల్లెళ్లను కంటికి రెప్పలా కాస్తూ, వాళ్ల మీద గట్టి కాపలా పెట్టే అన్నకు ఆ పేరు. చిత్రం ఆ పేరును మనకు కొత్తగా నేర్పలేదు. అప్పటికే వాడుకలో ఉన్న అర్థం మీద నమ్మకంతోనే దాన్ని శీర్షికగా పెట్టింది. అయితే ఒక అడుగు ముందుకు వేసింది. ఆ కాఠిన్యానికి మూలం ప్రేమే అని చూపించి, పేరుకు కాస్త తీపి కూడా అద్దింది.

సంజ్ఞానామం జాతినామంగా మారడం భాషలో మామూలే. శకుని, సైంధవుడు, కుంభకర్ణుడు మన నోట అట్లా మారినవే. కుంభకర్ణుడి శౌర్యం పోయి నిద్ర మిగిలింది. అయినా నష్టం లేదు, ఎందుకంటే కథ మనకు తెలుసు. సైంధవుడు అనగానే పద్మవ్యూహమూ అభిమన్యుడూ వెంట వస్తారు. హిట్లరు అన్నప్పుడు వెంట వచ్చే కథ లేదు. మాటే మన దగ్గరున్న చరిత్ర అంతా. 1933 నుంచి 1945 వరకు అతని పాలన, సుమారు 60 లక్షల మంది యూదుల హత్య, ఇవేవీ ఆ మాటలో లేవు. క్రమశిక్షణ ఒక్కటే మిగిలింది.

దీనికి కారణం లేకపోలేదు. మనకు ఎదుట ఉన్న శత్రువు ఆంగ్లేయుడు. అతని శత్రువు మనకు మిత్రుడుగా కనిపించాడు. 1941 నుంచి 1943 ఆరంభం వరకు సుభాష్ చంద్ర బోసు జర్మనీలో ఉండడం ఈ భావాన్ని బలపరచింది. దూరం నుంచి చూసేవాడికి తన అవసరం మేరకే కనిపిస్తుంది. కాని ఆ చరిత్ర మనకు నిజంగా అంత దూరమా?

బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మతప్రచారకుడు మద్రాసులో తెలుగు నేర్చి వ్యాకరణం రాశాడు. తొలి తెలుగు అచ్చు పుస్తకాలు 1746-47లో జర్మనీలోని హాలె పట్టణంలో వెలువడినవి ఆయన రచనలే. ఆయనే హిందుస్తానీకి కూడా వ్యాకరణం రాసి 1745లో అక్కడే అచ్చు వేయించాడు. ఆ హాలెలోనే పనిచేసిన రూడిగర్ అనే పండితుడు ఈ హిందుస్తానీ వ్యాకరణం ఆధారంగా, ఐరోపాలో సంచరించే రోమా ప్రజల భాష భారతదేశపుదేనని 1782లో ప్రకటించాడు. తెలుగు, కన్నడం, దక్కనీ మూడూ చెవిన పడే రాయచూరు జిల్లా మట్మారి విద్యార్థికి దీనిని వేరే నిరూపించనక్కరలేదు. రోమానీలో నీరు 'పానీ', చెవి 'కాన్', ముక్కు 'నాక్', అయిదు 'పాంజ్'.

ఈ రోమా ప్రజలను హిట్లరు ప్రభుత్వం జాతి పేరిట వేటాడింది. వారిని ఆష్విట్స్ శిబిరానికి తరలించమని 1942 డిసెంబరులో హిమ్లర్ ఆజ్ఞ ఇచ్చాడు. చంపబడినవారు 2,50,000 నుంచి 5,00,000 వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా. అది జాతిహత్య అని పశ్చిమ జర్మనీ ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది 1982లో, అంటే రూడిగర్ రచనకు సరిగ్గా 200 ఏళ్లకు. బెర్లినులో వారి స్మారకం వెలసింది 2012లో.

కనుక పండితుడి జర్మనీ వేరు, హిట్లరు జర్మనీ వేరు అని మనం పంచిపెట్టుకున్న లెక్క నిలవదు. దక్కనీకి చుట్టమైన భాషను గుర్తించిన దేశంలోనే ఆ భాష మాట్లాడేవారిని చంపారు. మొదటిదానికి నమస్కరించి, రెండవదాన్ని వార్డెనుకు ముద్దుపేరుగా పెట్టుకోవడం చూపులోని లోపం. ఇల్లు విడిచి వేరే రాష్ట్రంలో తెలుగు చదివే మీకు, బయటివారు ఒక్క మాటతో మనిషిని కొలిస్తే ఎట్లా ఉంటుందో అనుభవమే.

వాడుకను ఎవరూ శాసించలేరు. మాట మానండని మేము చెప్పడం లేదు. కఠినమైన తండ్రికి తెలుగులో 'చండశాసనుడు' అనే చక్కని మాట ఉన్నదని మాత్రం గుర్తుచేస్తున్నాము. అది హిట్లరుకు చాలదు. హిట్లరు పేరు ఏ తండ్రికీ తగదు.