అభ్యంగనం: నూనె కన్నా నియమం ముఖ్యం

ఒళ్ళు పట్టేసినప్పుడు మర్దన గుర్తొస్తుంది. ఏ నూనె మంచిది, ఎవరు గట్టిగా మర్దిస్తారు అని అడుగుతాం. మన ఇళ్ళలో తరతరాలుగా సాగిన అభ్యంగనం ఈ రెండింటి కన్నా ముందు వేరే సంగతులు చూసింది: ఏ వేళ, ఎలాంటి ఒంటితో, ఎంతసేపు, ఆ తరవాత ఏం చేయాలి అన్నవి. ఆడవాళ్ళకు శుక్రవారం, మగవాళ్ళకు శనివారం తలంటు అని వారాన్ని కూడా ఖాయం చేసింది. మర్దన వల్ల కలిగే మేలు చాలావరకు ఈ నియమాల్లోనే ఉంది. వాటిని వదిలేసి ఎంత ఖరీదైన నూనె కొన్నా దక్కేది కాసేపటి హాయి మాత్రమే.

వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో అభ్యంగనాన్ని దినచర్య అధ్యాయంలో చేర్చాడు. అంటే ఆయన దృష్టిలో అది పండగపూట వేడుక కాదు, పళ్ళు తోముకోవడంలాగా రోజువారీ పని. తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా నూనె పట్టించమన్నాడు. అజీర్ణంతో ఉన్నవాళ్ళకు మాత్రం వద్దన్నాడు. సుశ్రుతసంహితకు వ్యాఖ్య రాసిన డల్హణుడు మర్దన ఎంతసేపు సాగాలో మాత్రలనే పాత కాలమానంలో లెక్కగట్టి, 300 మాత్రలకు నూనె రోమకూపాలను చేరుతుందని, 900 మాత్రలకు మజ్జ దాకా వెళుతుందని చెప్పాడు. పైన రాసిన నూనె ఎముక మజ్జను చేరుతుందని నేటి శరీరశాస్త్రం ఒప్పుకోదు. అది చాలావరకు చర్మం పై పొరల్లోనే నిలిచిపోతుంది. ఆ వివరణ వీగిపోయినా, తొందరపడితే ఫలం తగ్గుతుందన్న అనుభవం వీగిపోలేదు. అమెరికాలో మోకాళ్ళ అరుగుదలతో బాధపడే 125 మందిపై జరిగి 2012లో వెలువడిన పరీక్షలో, మర్దనను ఎనిమిది వారాలపాటు రకరకాల మోతాదుల్లో ఇచ్చి చూశారు. వారానికి ఒకసారి గంటసేపు చేయడం ఫలితానికీ వీలుకూ కుదిరిన మోతాదని తేల్చారు. 2014లో వెలువడిన మెడనొప్పి పరీక్షలోనూ గంట మర్దన వారానికి రెండు మూడుసార్లు అందుకున్నవాళ్ళకు మేలు కనిపించింది, అరగంటతో సరిపెట్టినవాళ్ళకు అంతగా కనిపించలేదు. వారం తప్పని తలంటు ఆనవాయితీకి మొదటి పరీక్ష ఫలితం దగ్గరగా ఉంది.

ఆ నియమాలను వరసగా చూద్దాం. భోజనమయ్యాక కనీసం రెండు గంటలు ఆగాలి. గది వెచ్చగా ఉండాలి, ఈదురుగాలి తగలకూడదు; చలికి బిగుసుకున్న కండ చేతికి లొంగదు. నువ్వుల నూనెను నేరుగా పొయ్యి మీద పెట్టకుండా, గిన్నెలో పోసి వేడినీళ్ళలో ఉంచితే గోరువెచ్చన అవుతుంది. చేతులకూ కాళ్ళకూ పొడవునా నిలువుగా, కీళ్ళ దగ్గర గుండ్రంగా, పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపుగా చెయ్యి నడవాలి. పెద్దపేగు సాగే దిశ అదే. చెయ్యి నెమ్మదిగా కదలాలి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు బాగా స్పందించే సన్నని నాడులు మన చర్మంలో ఉన్నాయని స్వీడన్ పరిశోధకులు నిరూపించారు. హడావిడిగా రుద్దితే వాటికి పని ఉండదు. చేయించుకునేవాళ్ళకూ బాధ్యత ఉంది. ఫోను పక్కన పెట్టాలి, ఊపిరి బిగబట్టకూడదు, ఎక్కడ నొప్పిగా ఉందో మొహమాటపడకుండా చెప్పాలి. తరవాత అరగంటైనా విశ్రాంతి తీసుకుని, సున్నిపిండితో నలుగు పెట్టుకుని వేడినీళ్ళు పోసుకోవాలి. నలుగు జిడ్డును వదిలిస్తుంది. వేడినీళ్ళు సడలిన కండను మళ్ళీ బిగుసుకోనివ్వవు. స్నానం కాగానే బరువు పనికి పరుగెత్తితే అంతసేపు పడ్డ శ్రమ వృథా.

నొప్పి పుట్టేలా పిసికితేనే పని చేసినట్టని కొందరు నమ్ముతారు. నొప్పికి ఒళ్ళు ముడుచుకుంటుంది. ముడుచుకున్న కండను ఇంకా నొక్కితే కమిలిపోతుంది. మర్దనతో ఒంట్లో విషాలు బయటికి పోతాయన్న ప్రచారానికీ ఆధారం లేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో 11 మంది యువకులతో అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రం పది నిమిషాలు మర్దన చేయించి, రెండు కాళ్ళ కండరాలనూ పరీక్షించారు. లాక్టిక్ ఆమ్లంలో తేడా రాలేదు గాని, మర్దన చేసిన కాలిలో వాపును పెంచే సంకేతాలు తగ్గాయి. ఇదంతా మనసు కల్పించుకునే హాయి మాత్రమే అనేవాళ్ళకు ఈ పరీక్షే జవాబు. చిన్న పరీక్ష కాబట్టి దీన్ని సర్వరోగ నివారిణికి సాక్ష్యంగా చూపలేం. అభ్యంగనానికి అలాంటి గొప్పలు అవసరమూ లేదు.

ఇన్ని నియమాలకు తీరిక ఎక్కడిదని అడగడం న్యాయమే. దానికీ సంప్రదాయంలోనే దారి ఉంది. వాగ్భటుడు ప్రత్యేకంగా చెప్పిన పాదాలకు పడుకునే ముందు పది నిమిషాలు ఎవరికి వారే నూనె రాసుకోవచ్చు; పూర్తి అభ్యంగనాన్ని వారానికో పూటకు ఉంచుకోవచ్చు. అయితే జ్వరం, చర్మం మీద పుండ్లు, విరిగిన ఎముక ఉన్నప్పుడు మర్దన వద్దు. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టిందేమో డాక్టరు చూడాలి. అప్పుడు పిసకడం ప్రాణాంతకం కావచ్చు. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. సెలూన్లలో మెడ పట్టుకుని ఒక్కసారిగా విరవడాన్ని ఎవరూ ఒప్పుకోకూడదు. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళం చిట్లి పక్షవాతం వచ్చే ముప్పు ఉంది. ఈ జాగ్రత్తలు పాటిస్తూ, వారంలో ఒక రోజును ఇంటిల్లిపాది ఒంటికోసం కేటాయించుకోండి. ఎనిమిది వారాలు తప్పకుండా చేశాక దాని విలువను మీరే తేల్చండి.