దిద్దుబాటులోని తొలి యడుగు

ఏ మంచిపనికైనను ముందు మనస్సున ఉత్సాహము పుట్టవలెననియు, ఆ పిమ్మటనే కాలు కదలుననియు మనవారిలో పెక్కుమంది నమ్ముచుందురు. కట్నము దురాచారమని సభలో చేయి యెత్తుదురు. తమ కుమారుని పెండ్లి వచ్చునప్పటికి ఇంకను మనస్సు గట్టిపడలేదందురు. ఆ గట్టిపడుటకై కనిపెట్టుకొనియుండగనే పెండ్లి ముగియును, కట్నమును ముట్టును. ఈ భ్రమను ఖండించు ఉపన్యాసములకు మనకు లోటు లేదు. కాని అవియన్నియు కలిసి చేయలేని పనిని గురజాడ అప్పారావుగారి చిన్నకథ యొకటి చేసినదని మా యభిప్రాయము. 1910వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ‘ఆంధ్రభారతి’లో వెలువడిన ‘దిద్దుబాటు’ ఆ కథ. తెలుగున మొట్టమొదటి కథ యిదియేయని చెప్పుట వాడుక. భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’లో ప్రకటింపబడినది కావున ఆ మాట నిలువదు. మొదట నడచినవారిని మరచిపోవుట మనకు క్రొత్త కాదు.

కథ చదువరు లెరిగినదే. గోపాలరావు విద్యావంతుడు, సంస్కారాభిమాని. భార్యయగు కమలినికి చదువు చెప్పించినవాడు. అట్టివాడు సానిపాట మరిగి, అర్ధరాత్రము దాటిన పిమ్మట ఇల్లు చేరుచుండెను. సభల కేగితినని, లోకహితమునకై పాటుపడుచుంటినని భార్యతో బొంకుచుండెను. ఒకనాటి రాత్రి వచ్చిచూడగా పడకపై భార్య లేదు. బల్లపై నొక యుత్తరము మాత్రమున్నది. తాను పుట్టింటికి పోవుచున్నాననియు, తాను ఇంట నుండుటచేతనే గదా భర్త అసత్యము లాడవలసివచ్చినదనియు అందులో నామె వ్రాసినది. అతడు తల్లడిల్లి, నౌకరు రామునితో ఏవేవో మాటాడి, ఇక సానిపాట విననని, రాత్రులు ఇల్లు కదలనని ఒట్టు పెట్టుకొనును. అప్పుడు మంచము క్రింద నుండి నవ్వును నగల చప్పుడును వినవచ్చును.

ఈ కథను పలువురు ఒక యిల్లాలి చమత్కారముగా చదివి నవ్వుకొని విడిచెదరు. మాకట్లు తోచదు. ఇందలి యిద్దరిలో ఉత్సాహ మెవ్వరికి గలదో చూడుడు. అది గోపాలరావునకు సమృద్ధిగా నున్నది. 1893లో మద్రాసు సంస్కారవాదులు సానిమేళములకు విరోధముగా గవర్నరునకును వైస్రాయికిని విన్నపము లంపుకొన్నప్పటి నుండి చదువుకొన్నవారిలో ఆ భావము పరువుగా వ్యాపించినది. ఆ భావము నితడును నేర్చినవాడే. నమ్మకము కొరవడి అతడు చెడలేదు. నమ్మకమొక దారిని, కాళ్లొక దారిని పోయినవి, అంతే. కమలిని యెద్దనో, ఉపన్యాసము లేదు, సంఘము లేదు. పుట్టింటికి నిజముగా పోవుట కా కాలపు స్త్రీకి ఎంత వీలుండెనో మనమెరుగుదుము. ఆమె చేతనున్నవి మూడు: కొంత చదువు, ఒక కాగితము, ఒక మంచము. ఉన్నవానితో ఆ రాత్రియే చేయదగినంత చేసినది. తన భర్త మారునను ధైర్యము ముందుగా ఆమెకు కలిగెనా? కథలో ఆ సూచన యేదియు లేదు. నవ్వు ఉత్తరమునకు తరువాతిదే గాని ముందటిది కాదు.

‘దిద్దుబాటు’ అను పేరు నొకసారి తలచి చూడవలెను. తప్పును సవరించుటయు దిద్దుటయే. గురువు వ్రాసియిచ్చిన ఓనమాలపై పిల్లవాడు మరల మరల బలపము త్రిప్పుటయు దిద్దుటయే. అక్షరములపై ప్రీతి పుట్టిన పిమ్మట వానిని దిద్దిన పిల్లవాని నెవ్వరైన చూచిరా? ఏడ్చుచు కూర్చుండును, వ్రేలు పట్టి దిద్దింతురు, కొన్నాళ్లకు తానే పలక వెదకుకొనును. అప్పారావుగా రీ రెండర్థములను తలచియే పేరుపెట్టిరని మేము పంతము పట్టము. కాని అక్షరములు నేర్పినవానిని, నేర్చినది ఆ యక్షరములతోనే దిద్దినది. కమలినికి చదువు చెప్పించినప్పుడు గోపాలరావు వేసిన చిన్న యడుగే, అతడు మరచిపోయిన వెనుక, అతనిని వెదకికొని వచ్చినదని మాత్రము చెప్పుదుము.

‘కన్యాశుల్కము’ రెండవ కూర్పు 1909లో వెలువడినది. ఈ కథ దాని మరుసటి యేటిది. అందలి గిరీశమునకు సంస్కారమును గూర్చి తెలియని సంగతి లేదు, చేసిన పనియు లేదు. మధురవాణి నుంచుకొనియున్నవాడే సానుల యెడ రోతను ప్రకటించును. ఆ గిరీశమును ఒక యింటివానిగా చేసి, రవంత సిగ్గు ప్రసాదించినచో గోపాలరావగునని మాకొక యనుమానము. ఆ రవంత సిగ్గే యెడము.

ఒక గుణమును, ఒక దోషమును చెప్పక తప్పదు. గుణమేమనగా, గోపాలరావు చేసికొన్న ప్రతిజ్ఞ చాల చిన్నది. దేశము నుద్ధరింతుననలేదు, రాత్రి ఇంటనుందునన్నాడు. రేపు సాయంకాలమే పరీక్షింపదగిన ప్రతిజ్ఞ యిది. పెద్ద ప్రతిజ్ఞలకు పరీక్షదినము రాదు, అందుచేతనే అవి సభలలో సులభముగా పుట్టుచున్నవి. దోషమేమనగా, పశ్చాత్తాపము మిక్కిలి తొందరగా వచ్చినది. అతడు రాముని వీపుపై గ్రుద్ది, వెంటనే జాలిపడును. అంతటితో ఆ దెబ్బ తీరినదని తలచువాని కన్నీటిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ జాలిని రచయిత బుద్ధిపూర్వకముగనే పెట్టెనని మాకు తోచుచున్నది. కాని పాఠకుడు నవ్వులో పడి దానిని దాటిపోవును. రాముడు దెబ్బ తినెను. అతనిని గూర్చిన దిద్దుబాటు కథలో లేదు.

కథ నవ్వుతో నిలిచిపోయినది. మరునాటి సాయంకాలము దీపములు పెట్టువేళ గోపాలరావు చెప్పులు తొడిగెనో, అరుగుపై కూర్చుండెనో అప్పారావుగారు చెప్పలేదు. మేము కథను ముగించి ఆ సాయంకాలమును పలుమారు ఊహించితిమి. రెండు విధముల గూడ ఊహింపగలిగితిమి.