వాటం కుదిరాకే టైలు

టైల్స్ షాపుకి వెళ్లినవాళ్లు ముందు గోడకి ఎంచుతారు, తర్వాత దానికి మ్యాచయ్యేది నేలకి అడుగుతారు. నన్నడిగితే ఇది తలకిందుల బేరం. క్యాటలాగు బొమ్మలో స్నానమంతా అద్దాల గదిలోనే, బయట నేల పొడిపొడిగా ఉంటుంది. మనది బకెట్టూ మగ్గూ స్నానం. ఈ గోడ నుంచి ఆ గోడదాకా తడిసి తీరుతుంది. తలంటి రోజున నూనె కూడా దానికి తోడు.

అందుకే నేను మొదట చూసేది వాటం. మీటరుకి కనీసం ఒక సెంటీమీటరు చొప్పున నేల జాలీ వైపు దిగాలి, అదీ నాలుగు వైపుల నుంచి. రెండడుగులు బై నాలుగడుగుల పలక అలా ఒంగదు. మేస్త్రీ దాన్ని ఐమూలగా కోయాలి, లేకపోతే ఏదో మూల నీళ్లు నిలుస్తాయి. అడుగు బై అడుగు టైలు ఎటు వాలమంటే అటు వాలుతుంది. అతుకులు ఎక్కువ కాబట్టి పాదానికి పట్టూ దొరుకుతుంది. ఆ అతుకుల్లో మురికి చేరుతుందన్న మాట నిజమే. సిమెంటు బదులు ఎపాక్సీ గ్రౌట్ పెట్టిస్తే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఖరీదు మాత్రం ఎక్కువ.

‘విట్రిఫైడ్ సార్, నీళ్లు పీల్చదు’ అంటాడు సేల్స్ కుర్రాడు. అవును, అరశాతానికి మించి పీల్చదు. దానికీ కాలు జారడానికీ సంబంధమేమిటి? డబ్బా మీద ఆర్10, ఆర్11 అని కనిపిస్తే అదీ పూర్తి భరోసా కాదు. నూనె పోసిన ఏటవాలు పలక మీద బూట్లతో నడిపించి ఇచ్చే జర్మన్ గ్రేడు అది. బూట్లేసుకుని స్నానం చేసేదెవరు? వట్టి కాళ్లకి, సబ్బునీళ్లకి వేరే పరీక్ష ఉంది: ఎ, బి, సి. స్నానాల గదికి బి ఉంటే మంచిది. ఆ వివరం దొరక్కపోతే ఒక టైలు కింద పెట్టించి, సబ్బునీళ్లు పోసి, చెప్పులు విప్పి నిలబడండి. కుర్రాడు వింతగా చూస్తే చూడనివ్వండి.

ఇక పాలిష్ పట్టని తాండూరు, బేతంచెర్ల బండలంటే నాకు మొదటినుంచీ మక్కువ. చల్లగా ఉంటాయి, గరుకు వాటి సహజగుణం. కానీ అవి సున్నపురాయి జాతి. బాత్రూమ్ యాసిడ్ పడితే బుసబుసా నురగ పొంగి, పైపొర తినేసుకుపోతుంది. యాసిడ్ సీసా లేకుండా గడవని ఇంటికి గరుకు టైలే మేలు.