చొక్కా కాజా దగ్గర ఆగిపోవద్దు

జాకెట్లు కుట్టే ఆడవాళ్లకు మా రఘునాథపల్లిలో కొదవలేదు. చొక్కా అనేసరికి మాత్రం చాలామంది వెనకాడతారు. కాలరు ఎక్కించడం రాక కాదు, కాజాల దగ్గర చిక్కు. జాకెట్టుకు హుక్కులూ దారపు కాజాలూ చేతిసూదితో వేసుకోవచ్చు. చొక్కా పట్టీ మీద కాజాలన్నీ ఒకే కొలతలో, పోగు లేవకుండా రావాలి. కాలితో తొక్కే మామూలు మిషన్‌లో సూది అటూ ఇటూ ఊగదు. అందుకే కుట్టిన చొక్కాల మూట కాజా మిషన్ ఉన్న దుకాణాన్ని వెతుక్కుంటూ జనగామకో హన్మకొండకో పోవాల్సి వస్తుంది.

సూది అటూ ఇటూ ఊగే జిగ్‌జాగ్ మిషన్ ఉంటే ఆ పని ఇంట్లోనే అవుతుంది. గుండీ వెడల్పుకు దాని మందం కలిపితే కాజా పొడవు. పట్టీ లోపల కాన్వాసు ఉండాలి. ముందు అదే బట్ట పీలిక మీద ఒకటి కుట్టి చూసుకోవాలి. కోసేముందు కాజా కొసన గుండుసూది అడ్డం గుచ్చితే బ్లేడు కుట్టును దాటదు. కాలరు పట్టీ మీద కాజా అడ్డంగా ఉంటుంది, మిగతావి నిలువుగా. మెడ దగ్గర లాగుడు అడ్డంగా పడుతుంది కాబట్టి.

గుండీ కుట్టేటప్పుడు బట్టను జరిపే పళ్లను కిందికి దించాలి. చక్రాన్ని చేత్తో తిప్పి, సూది రెండు రంధ్రాల్లోనూ దిగుతున్నదో లేదో చూసుకోవాలి. ఇది చూడకుండా తొక్కితే సూది విరుగుతుంది. బట్ట మందమైతే గుండీ మీద అగ్గిపుల్ల ఉంచి కుట్టి, తర్వాత పుల్ల లాగేస్తే కాజా పట్టీ ఇమడడానికి చోటు మిగులుతుంది.

రెడీమేడ్ చొక్కాల గుండీలు తరచుగా ఒంటి దారపు గొలుసుకుట్టుతో ఉంటాయి. కొస చిక్కి లాగితే గుండీ ఊడి చేతికొస్తుంది. జిగ్‌జాగ్‌లో పైదారం, బాబిన్ దారం ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పిన్నీసు పెట్టుకొని బడికొచ్చే పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఈ తేడా గుర్తొచ్చి బాధ కలుగుతుంది.

2024లో సర్కారు బడుల యూనిఫాంలు కుట్టే పనిని మన రాష్ట్రంలో మహిళా సంఘాలకు అప్పగించారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. ఆ డబ్బుతో కొనేవాళ్లు జిగ్‌జాగ్ కుట్టు ఉన్న మిషన్ అడిగి తీసుకోండి. మండల సమాఖ్యలు ఊరికొక కాజా మిషన్ ఉమ్మడిగా కొనాలి. కుట్టుకూలి మాట్లాడుకునేటప్పుడు కాజాకు, గుండీకి విడిగా లెక్క కట్టాలి.